అక్బర్ గంజీ: హత్యల వెనుక ఉన్నదెవరో రాసినందుకు ఆరేళ్ళ జైలు

కొత్తపేజీ
ఇరాన్ విలేకరి అక్బర్ గంజీ అనగానే చాలామందికి 2005 నిరాహార దీక్ష, ఆసుపత్రి మంచం మీద ఎముకలు తేలిన ఆ ఫొటోలే గుర్తొస్తాయి. అంతకు ముందు సంగతి వరసగా ఎక్కడా దొరకదు. ఆయన రాసిందేమిటి? ఏ నేరం మోపి లోపల వేశారు? శిక్ష గురించి ఒకచోట పదేళ్ళు అని, ఇంకోచోట ఆరు నెలలు అని, మరోచోట ఆరేళ్ళు అని ఉంది. ఏది నిజం? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

పాతసంచికలు
మూడూ నిజమే. ఒకే కేసులో వేర్వేరు దశల్లో వచ్చిన తీర్పులవి. ఆ లెక్క వకీలుసాబ్ గారు చెబితేనే బాగుంటుంది. నేను వార్త దగ్గర మొదలుపెడతాను. అది తెలియకపోతే కేసు తలా తోకా అర్థం కాదు.

1998 నవంబరు 22న టెహ్రాన్‌లో దారియూష్ ఫొరూహర్‌ని, ఆయన భార్య పర్వానే ఎస్కందరీని సొంత ఇంట్లోనే కత్తులతో పొడిచి చంపారు. ఫొరూహర్ 1979 విప్లవం తర్వాత ఏర్పడ్డ తొలి ప్రభుత్వంలో కార్మిక మంత్రి. తర్వాత చిన్న జాతీయవాద పార్టీ నడుపుతూ ప్రభుత్వాన్ని బాహాటంగా విమర్శించేవాడు. డిసెంబరు 3న కవి మొహమ్మద్ మొఖ్తారీ బల్బులు కొనుక్కొస్తానని బయటికెళ్ళి తిరిగి రాలేదు. డిసెంబరు 9న అనువాదకుడు మొహమ్మద్ జాఫర్ పూయాందే మాయమయ్యాడు. ఇద్దరి శవాలూ నగరం శివార్లలో దొరికాయి. ఇద్దరినీ గొంతు బిగించి చంపారు. మూతపడ్డ రచయితల సంఘాన్ని మళ్ళీ నిలబెట్టడానికి తిరుగుతున్నవాళ్ళు వాళ్ళిద్దరూ. మజీద్ షరీఫ్ అనే మరో రచయిత కూడా ఆ నవంబరులోనే ఇంటి నుంచి వెళ్ళి శవమై తేలాడు.

1999 జనవరి 5న గూఢచార మంత్రిత్వ శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. హంతకులు తమ శాఖవాళ్ళేనని, అయితే బాధ్యత లేకుండా దారి తప్పిన కొందరు సొంతంగా చేసిన పని అని దాని సారాంశం. ఒక దేశపు గూఢచార శాఖ ఇలా ఒప్పుకోవడమే అపూర్వం. మంత్రి దొర్రీ నజఫాబాదీ రాజీనామా చేశాడు. ఆ శాఖలో డిప్యూటీ మంత్రిగా చేసిన సయీద్ ఎమామీ సూత్రధారి అన్నారు. జూన్‌లో, జైలు స్నానాల గదిలో వెంట్రుకలు తీసే మందు తాగి చనిపోయాడని ప్రకటించారు. అందులో విషపదార్థం ఆర్సెనిక్ ఉంటుంది. చనిపోయిన మనిషి మీద నేరమంతా మోపి ఫైలు మూసేద్దామన్నది వాళ్ళ ఎత్తుగడ.

గంజీ పని సరిగ్గా ఆ ఫైలు మూయబోతున్న చోటే మొదలైంది. ఎమామీ డిప్యూటీ మంత్రి, సరే. అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిందెవరు? ఎనిమిదేళ్ళు అతని పనికి సంతకాలు పెట్టిందెవరు? గంజీ వ్యాసాలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

మెహదీపట్నం_పాఠకుడు
మనిషి గురించి రెండు మాటలు. 1960లో పుట్టాడు, దక్షిణ టెహ్రాన్ పేదపేటల్లో పెరిగాడు. విప్లవంలో పాల్గొన్నాడు, విప్లవ ప్రభుత్వాన్ని కాపాడే సైన్యం రివల్యూషనరీ గార్డులలో పనిచేశాడు, తర్వాత సాంస్కృతిక శాఖలో చేరి టర్కీలో కొంతకాలం ఉద్యోగం చేశాడు. అంటే బయటినుంచి రాళ్ళు వేసినవాడు కాదు. ఆ వ్యవస్థ ఎలా నడుస్తుందో, ఏ ఫోన్ ఏ గదికి వెళుతుందో తెలిసినవాడు. 1990లలో 'కియాన్' పత్రిక చుట్టూ చేరిన మతచింతకుల దగ్గర మారడం మొదలైంది. 1997లో షిరాజ్ విశ్వవిద్యాలయంలో ఫాసిజం మీద ఉపన్యాసం ఇచ్చినందుకు మొదటిసారి జైలుకు పంపారు. కొన్ని నెలలే. బయటికొచ్చి 1998లో 'రాహె నౌ' అనే వారపత్రిక నడిపాడు. అది మూతపడ్డాక దినపత్రికల్లో కాలమ్‌లు రాశాడు.

ఎదురుప్రశ్న
గార్డులలో పనిచేసినవాడిని వీరుడని ఎలా అంటాం? 1980లలో జైళ్ళలో వేలమందిని చంపినప్పుడు ఈయన ఎక్కడున్నాడు? ప్రవాసంలో ఉన్న ఇరానీయులు చాలామంది అడిగే ప్రశ్న ఇది, అన్యాయమైనదేమీ కాదు.

మెహదీపట్నం_పాఠకుడు
అడగాల్సిన ప్రశ్నే. గార్డులలో ఆయన పని భావజాల విభాగంలో, విచారణ గదుల్లో కాదు. అయినా ఆ ప్రభుత్వంలో భాగమే, అందులో దాచేదేమీ లేదు. ఆయన రాతలు వ్యవస్థను నమ్మిన మనిషి లెక్క అడిగినట్టుగా ఉంటాయి. 2000 నాటికి కూడా అప్పటి అధ్యక్షుడు ఖాతమీ సంస్కరణల వైపే నిలబడి రాశాడు. వ్యవస్థ మొత్తం మారాలన్నది జైల్లో రాసిన మాట. ఆ తేడా గుర్తుపెట్టుకుని చదివితే మనిషి సరిగ్గా అర్థమవుతాడు.

సిరాచుక్క
పాతసంచికలు గారూ, ఆయన రాసిన పద్ధతి వివరించండి. పేర్లు పెట్టకుండా రాశాడంటారు. మరి పరిశోధన ఎలా అయింది?

పాతసంచికలు
పద్ధతిలో మూడు పనులు కనిపిస్తాయి.

ఒకటి, అధికారులే వేర్వేరు రోజుల్లో అన్న మాటలను పక్కపక్కన పెట్టడం. మంత్రిత్వ శాఖ ప్రకటన, సైనిక న్యాయవ్యవస్థ విడుదల చేసిన వివరాలు, మాజీ మంత్రి ఇంటర్వ్యూలు, శుక్రవారం నమాజు ఉపన్యాసాలు. ఒకదానికొకటి పొసగని చోట వేలు పెట్టి చూపేవాడు. రహస్య పత్రం లేకపోయినా ఈ పని చేయొచ్చు. దీన్ని కొట్టిపారేయడమూ కష్టమే, ఎందుకంటే మాటలు వాళ్ళవే.

రెండు, కాలాన్ని వెనక్కి తిప్పడం. ప్రభుత్వం కేసును నాలుగు హత్యలకు కుదించింది: ఫొరూహర్ దంపతులు, మొఖ్తారీ, పూయాందే. గంజీ అంతకు ముందరి పదేళ్ళను బల్ల మీద పెట్టాడు. 1994లో కస్టడీలో చనిపోయిన రచయిత సయీదీ సీర్జానీ. 1995లో ఇస్ఫహాన్‌లో శవమై కనిపించిన అనువాదకుడు అహ్మద్ మీర్ అలాయీ. 1996 ఆగస్టులో ఆర్మీనియాకు వెళ్తున్న రచయితల బస్సు సంగతి మరీ ఘోరం. హైరాన్ కనుమలో డ్రైవరు బస్సును లోయవైపు వదిలి తాను దూకేశాడు. లోపలివాళ్ళలో ఒకరు బ్రేకు లాగబట్టి ఇరవైమందికి పైగా బతికారు. ఇవన్నీ కలిపి చూస్తే 1998లో కొందరు దారి తప్పారన్న కథ నిలవదు. ఏళ్ళ తరబడి నడిచిన పనికి పైనుంచి అనుమతి ఉండాలి.

మూడు, మారుపేర్లు. ఆదేశాలిచ్చినవాడు 'షా కెలీద్', అంటే అన్ని తాళాలూ తీసే తాళంచెవి. నీడలో నిలబడ్డ పెద్దలు బూడిదరంగు దుస్తుల మహానుభావులు. అందరికంటే పైన ఎర్రదుస్తుల మహానుభావుడు. 'బూడిదరంగు పెద్దలు' అన్న మాట ఫ్రాన్స్ చరిత్రలో కార్డినల్ రిషెల్యూ కాలం నుంచి వచ్చింది. ఎర్రదుస్తులంటే ఎవరో టెహ్రాన్‌లో టాక్సీ నడిపేవాడికి కూడా తెలుసు: 1989 నుంచి 1997 దాకా అధ్యక్షుడైన హాషెమీ రఫ్సంజానీ. ఆ ఎనిమిదేళ్ళూ గూఢచార మంత్రి అలీ ఫల్లాహియాన్. ఎమామీ ఆయన కిందివాడు. బెర్లిన్‌లో 1992లో మికోనోస్ హోటల్లో కుర్దు నాయకులను కాల్చి చంపిన కేసులో 1996లో జర్మనీ అరెస్టు వారంటు తీసింది ఈ ఫల్లాహియాన్ మీదే.

వ్యాసాలు 'సొబ్హె ఎమ్రూజ్', 'ఖొర్దాద్' వంటి పత్రికల్లో వచ్చాయి. వాటిని కలిపి రెండు పుస్తకాలు వేశాడు: 'తారీక్‌ఖానె-యె అష్బాహ్' (దయ్యాల చీకటిగది) 1999లో, 'ఆలీజనాబె సొర్ఖ్‌పూష్' (ఎర్రదుస్తుల మహానుభావుడు) 2000 మొదట్లో. రెండోది కొద్ది నెలల్లో మళ్ళీ మళ్ళీ అచ్చయింది.

ఎదురుప్రశ్న
మారుపేర్ల పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. పేరు పెట్టకపోతే ఎవరూ దావా వేయలేరు, నిజమే. కానీ ఎదుటివాడు జవాబూ చెప్పుకోలేడు. ప్రతి పాఠకుడూ తనకు గిట్టనివాడి పేరు ఖాళీలో నింపుకుంటాడు. రఫ్సంజానీ విషయంలో జరిగింది అదే. ఆయన హత్యలకు ఆదేశమిచ్చాడని గంజీ ఎక్కడా రుజువు చూపలేదు.

పాతసంచికలు
ఆదేశమిచ్చాడని రాయలేదు కదా. ఆయన వాదన వేరు: మంత్రివర్గానికి, జాతీయ భద్రతా మండలికి అధ్యక్షత వహించినవాడు తన మంత్రిత్వ శాఖ ఏం చేస్తున్నదో తెలిసి ఊరుకున్నాడా, తెలియకుండా కూర్చున్నాడా? రెండింట్లో ఏదైనా జవాబుదారీ తప్పదు. 1982లో ఖొర్రంషహర్ తిరిగి చేతికొచ్చాక యుద్ధం ఇంకా ఆరేళ్ళు ఎందుకు సాగదీశారన్న ప్రశ్న కూడా అదే పుస్తకంలో అడిగాడు. రఫ్సంజానీ అన్నీ ఖండించాడు. 2000 ఫిబ్రవరి ఎన్నికల్లో టెహ్రాన్‌లో ముప్ఫై సీట్లుంటే ఆయన ముప్ఫయ్యో స్థానంలో అతికష్టం మీద గట్టెక్కాడు. ఓట్లు మళ్ళీ లెక్కపెట్టి పైకి జరిపారు. చివరికి మజ్లిస్, అంటే పార్లమెంటు, మొదలుకాకముందే సీటు వదులుకున్నాడు. ఒక్క పుస్తకం వల్లే ఇదంతా జరిగిందనను, కానీ దాని దెబ్బ గట్టిగానే తగిలింది.

మీ అభ్యంతరంలో సగం నేను ఒప్పుకుంటాను. పేరు లేని ఆరోపణ ఎక్కువకాలం నిలవదు, ఎప్పుడో ఒకప్పుడు పేరు చెప్పాలి. గంజీ చెప్పాడు, అదీ కోర్టులో నిలబడి. 2000 నవంబరు చివర, తన విచారణలోనే, 'షా కెలీద్' అంటే అలీ ఫల్లాహియాన్ అని ప్రకటించాడు. కొందరు మతపెద్దల పేర్లు కూడా చెప్పాడు. అప్పటికి ఆయన ఖైదీ దుస్తుల్లో ఉన్నాడు. జైల్లో కొట్టారని చొక్కా విప్పి ఒంటి మీద దెబ్బలు జడ్జికి చూపింది కూడా ఆ విచారణలోనే.

వకీలుసాబ్
ఇప్పుడు కేసు లెక్క.

2000 ఏప్రిల్ మొదట్లో జర్మనీకి చెందిన హైన్రిష్ బోల్ ఫౌండేషన్ బెర్లిన్‌లో ఒక సదస్సు పెట్టింది. అంశం: ఎన్నికల తర్వాత ఇరాన్. గంజీతో పాటు పలువురు రచయితలు, న్యాయవాదులు, ఒక మతగురువు వెళ్ళారు. ప్రవాసులు కొందరు సభలో గొడవ చేశారు. ఒకామె నాట్యం చేసింది, ఒకాయన బట్టలు విప్పాడు. ఇరాన్ ప్రభుత్వ టీవీ ఆ ముక్కలనే కత్తిరించి చూపింది. వెళ్ళినవాళ్ళంతా దేశద్రోహులన్నట్టు ప్రచారం సాగింది. ఏప్రిల్ 22న గంజీ అరెస్టయ్యాడు.

చూడండి, హత్యల మీద రాసిందంతా అబద్ధమని ఎవరూ నిరూపించే ప్రయత్నం చేయలేదు. అలా చేయాలంటే ఆ విషయాలన్నీ కోర్టులో చర్చకు రావాలి. అందుకే సదస్సు సాకుగా దొరికింది.

సెక్షన్లు ఇవి. ఇస్లామిక్ శిక్షాస్మృతి 1996లో తెచ్చిన ఐదో భాగంలో 500వ అధికరణ: వ్యవస్థకు వ్యతిరేకంగా ప్రచారం, మూడు నెలల నుంచి ఏడాది. 505: దేశ భద్రతకు హాని చేసే ఉద్దేశంతో రహస్య సమాచారం సేకరించడం, పదేళ్ళ దాకా. 514: విప్లవ సారథి ఖొమేనీని, సర్వోన్నత నేతను అవమానించడం, ఆరు నెలల నుంచి రెండేళ్ళు. పరిశోధన చేసే విలేకరికి అసలు ప్రమాదం 505. సమాచారం సేకరించడమే అతని వృత్తి, ఏది రహస్యమో చెప్పేది వాళ్ళు. రాజ్యాంగం 168వ అధికరణ ప్రకారం పత్రికా నేరాలను బహిరంగంగా, జ్యూరీ ముందు విచారించాలి. దీన్ని పత్రికా నేరం కాదు, భద్రతా నేరం అని పేరు మారిస్తే జ్యూరీ అక్కర్లేదు. ఇరాన్‌లో ఇవాళ్టికీ విలేకరుల కేసుల్లో ఇదే దారి.

తీర్పుల వరస:
2001 జనవరిలో రివల్యూషనరీ కోర్టు పదేళ్ళ జైలు, ఆపైన ఐదేళ్ళ దేశాంతర్గత బహిష్కారం వేసింది. బహిష్కార స్థలం హొర్మొజ్‌గాన్ రాష్ట్రంలోని బషాగర్ద్. ఎండ, కొండ, రోడ్డు సరిగా లేని మారుమూల. 2001 మేలో అప్పీలు కోర్టు దాన్ని ఆరు నెలలకు తగ్గించింది. అప్పటికే ఏడాది పైగా లోపలున్నాడు కాబట్టి అదే రోజు వదలాలి. వదల్లేదు. ప్రాసిక్యూషన్ సుప్రీంకోర్టుకు వెళ్ళి ఆ తీర్పు కొట్టేయించింది. కేసు మరో అప్పీలు బెంచికి వెళ్ళింది. జూలైలో ఆరేళ్ళు ఖాయమయ్యాయి. 2000 ఏప్రిల్ నుంచి లెక్కపెడితే 2006 ఏప్రిల్‌కు పూర్తి. ఇరానీ సంవత్సరాది నౌరోజ్ పండక్కి ముందు, 2006 మార్చి మూడో వారంలో వదిలారు. ఒక నెల తక్కువ, అంతే.

మరి హంతకుల సంగతేమిటంటారా? సైనిక కోర్టులో తలుపులు మూసి విచారించారు. పద్దెనిమిదిమంది నిందితులు. 2001 జనవరిలోనే తీర్పు వచ్చింది. మరణశిక్షలు తర్వాత జైలుశిక్షలుగా మారాయి. బాధిత కుటుంబాల న్యాయవాది నాసర్ జరఫ్షాన్‌ను మాత్రం 2002లో ఐదేళ్ళు జైల్లో పెట్టారు. ఫైలులో పేజీలు మాయమయ్యాయని ఆయన బయట మాట్లాడటాన్ని రహస్యాలు వెల్లడించిన నేరమన్నారు, ఆయుధం, మద్యం దొరికాయన్న ఆరోపణలు కూడా జోడించారు.

కొత్తపేజీ
ధన్యవాదాలండీ. ఒక సందేహం. పత్రిక మూసేస్తే మళ్ళీ ఇంకో పేరుతో ఎలా వచ్చేది? 'జామెఎ', 'తూస్', 'నెషాత్' అని వరసగా పేర్లు కనిపిస్తున్నాయి.

సిరాచుక్క
అక్కడ పత్రిక నడపాలంటే సాంస్కృతిక శాఖ లైసెన్సు కావాలి. లైసెన్సు ఒకరి పేరున, సంపాదకత్వం ఇంకొకరిది కావచ్చు. ముందే తీసి పెట్టుకున్న లైసెన్సులు చేతిలో ఉంటే, మూసిన కొద్దిరోజులకే అదే సిబ్బంది, అదే పేజీల అమరిక, కొత్త పేరు. 'జామెఎ' 1998 ఫిబ్రవరిలో మొదలై జూలైలో మూతపడింది. వెంటనే 'తూస్', 1999లో 'నెషాత్', అది పోతే 'అస్రె ఆజాదెగాన్'. నాలుగింటికీ సంపాదకుడు షమ్సొల్వాయెజీన్. అబ్దుల్లా నూరీ నడిపిన 'ఖొర్దాద్' 1999 చివర పోగానే 'ఫత్హ్' వచ్చింది.

ఈ ఎత్తు పనిచేసింది రెండేళ్ళే. 2000 ఏప్రిల్‌లో, పదవీకాలం ముగియబోతున్న ఐదో మజ్లిస్ పత్రికా చట్టాన్ని సవరించింది. మూతపడ్డ పత్రికకు పోలిన పేరుతో, రూపంతో మరోటి తేకూడదు. బాధ్యత యజమానితో ఆగదు, రాసినవాడి మీదికి కూడా వస్తుంది. ఆ నెలాఖరులో జడ్జి సయీద్ మొర్తజవీ డజనుకు పైగా పత్రికలను కొద్దిరోజుల్లో మూయించాడు. వాడిన చట్టం చూస్తే మతిపోతుంది: 1960 నాటి ముందు జాగ్రత్త చర్యల చట్టం. పాత నేరస్థులు మళ్ళీ నేరం చేయకుండా పనిముట్లు లాక్కోవడానికి పెట్టింది అది. పత్రికను నేరస్థుడి పనిముట్టుగా లెక్కగట్టారు. ఆగస్టులో కొత్త మజ్లిస్ చట్టాన్ని మార్చబోతే అప్పటి సర్వోన్నత నేత ఖమేనీ లేఖ రాసి చర్చకే రానివ్వలేదు.

గోదావరివాసి
దీక్ష సంగతి కూడా ఎవరైనా చెప్పండి. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులకు ప్రాణం వదిలారు. గంజీ అంతకంటే ఎక్కువ రోజులు చేశాడని రాస్తారు. బతకడం ఎలా సాధ్యం?

నాడిపట్టు
ముందు తేదీలు. 2005 మే 19న మొదటి దీక్ష. ఆయనకు ఉబ్బసం, నడుంనొప్పి. జైలు బయట వైద్యం చేయించమన్నది అడిగిన కోరిక. పది రోజులకు సెలవు ఇచ్చి ఇంటికి పంపారు. జూన్ 17న అధ్యక్ష ఎన్నికలు. సెలవులో ఉండగానే ఎన్నికలు బహిష్కరించమని, ఖమేనీ దిగిపోవాలని ఇంటర్వ్యూలిచ్చాడు. జూన్ 11న మళ్ళీ జైలు, మళ్ళీ దీక్ష. జూలై 17న టెహ్రాన్‌లోని మిలాద్ ఆసుపత్రికి మార్చారు. మోకాలి ఆపరేషన్ కోసమని అధికారులు చెప్పారు. ఆగస్టు మూడో వారం తర్వాత విరమించాడు. చివరి వారాల్లో ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు, అందువల్ల ఆ రోజుల్ని ఉత్త నీళ్ళ దీక్ష రోజులతో ఒకటిగా కలపకూడదు. శ్రీరాములు గారితో రోజుల పోలిక అందుకే సరిపోదు.

శరీరంలో జరిగేది ఇది. నీళ్ళు కూడా మానేస్తే మనిషి వారం, పది రోజులకు మించి నిలవడు. నీళ్ళు, ఉప్పు తీసుకునే దీక్షలో మొదటి రోజే కాలేయంలోని చక్కెర నిల్వ అయిపోతుంది. మూడో రోజుకు కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి, ఆకలి మందగిస్తుంది. రోజుకు కనీసం లీటరున్నర నీళ్ళు, ఒకటిన్నర గ్రాముల ఉప్పు లేకపోతే లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతారు. బరువులో పది శాతం తగ్గగానే డాక్టరు రోజూ చూడాలి. పద్దెనిమిది శాతం దాటితే ఏ క్షణమైనా ప్రమాదం. గంజీ సుమారు ఇరవై కిలోలు తగ్గాడు, అంటే ఈ గీత ఎప్పుడో దాటాడు. నాలుగైదు వారాల తర్వాత థయమిన్, అంటే బి1 విటమిన్, అడుగంటుతుంది. కనుగుడ్లు అదుపు తప్పి ఆడతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, ఆగని వాంతులు. 1981లో ఉత్తర ఐర్లండ్ జైల్లో చనిపోయిన పదిమంది 46 నుంచి 73 రోజుల మధ్య పోయారు.

చాలామందికి తెలియనిది, దీక్ష విరమించిన రోజు నుంచే అసలు గండం. కడుపునిండా అన్నం పెడితే ఇన్సులిన్ ఒక్కసారి ఎగిసి రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. గుండె లయ తప్పి ఆగుతుంది. అందుకే అన్నం కంటే ముందు థయమిన్, రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. ఆహారం కిలో బరువుకు 10 కిలోకేలరీలు మించకుండా, పదిహేను రోజులకు పైగా ఏమీ తిననివాళ్ళకు 5తోనే మొదలు. 58 కిలోల మనిషికి అంటే మొదటి రోజు 290 కిలోకేలరీలు, ఒక పెద్ద గ్లాసు పాలు, ఒక అరటిపండు పాటి. రక్తపరీక్షలు చేస్తూ వారం పైగా నెమ్మదిగా పెంచాలి. జైలు డాక్టరుకు ఈ పరీక్షలు చేసే వీలుండదు, ఆసుపత్రి కావాలని కుటుంబాలు పట్టుబట్టేది ఇందుకే.

బలవంతంగా తినిపించడం గురించి: ప్రపంచ వైద్య సంఘం 1991లో చేసి 2006లో సవరించిన మాల్టా ప్రకటన దాన్ని తప్పుపట్టింది. స్పృహలో ఉన్న మనిషి వద్దంటే డాక్టరు ముట్టుకోకూడదు. అతను ఒంటరిగా డాక్టరుతో మాట్లాడి తన ఇష్టం చెప్పగలగాలి. కాపలావాడు పక్కన నిలబడితే ఆ మాట చెల్లదు.

సిరాచుక్క
దీక్ష వార్త బయటికి ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఆయన భార్య మాసూమె షఫీయీ లేకపోతే ఆ కేసు టెహ్రాన్‌లోని ఎవీన్ జైలు గోడల్లోనే ఆగిపోయేది. ములాఖత్ నుంచి వచ్చిన ప్రతిసారీ బరువెంత, మాట్లాడగలుగుతున్నాడా, ఏ గదిలో ఉంచారు అని తేదీతో సహా విలేకరులకు చెప్పేది. అధికారులు దీక్షే లేదని ఒకరోజు, మోకాలి ఆపరేషన్ అని ఇంకోరోజు అంటుంటే, ఆమె చెప్పిన అంకెలే నిలిచాయి. గంజీ జూన్ చివర, జూలైలో రాసిన రెండు బహిరంగ లేఖలు, చిక్కిశల్యమైన ఫొటోలు ఇంటర్నెట్‌లోకి వచ్చాక కోఫీ అన్నన్ దాకా విడుదల చేయమన్నారు.

ఖైదీ గురించి రాసేవాళ్ళకు ఆమె పద్ధతి పాఠం. 'పరిస్థితి విషమం' అని రాస్తే ఎవరైనా కాదనొచ్చు. ఫలానా తేదీన ఇన్ని కిలోలు అని రాస్తే కాదనడానికి వాళ్ళే తూకం చూపాలి.

వకీలుసాబ్
లాయర్ల సంగతి కూడా. షిరీన్ ఎబాదీ, అబ్దుల్‌ఫత్తాహ్ సొల్తానీ ఆయన తరఫున ఉన్నారు. జూలై 30న సొల్తానీనే అరెస్టు చేశారు, నెలల తరబడి ఉంచారు. ఆగస్టు 2న బెర్లిన్ సదస్సు కేసులు విచారించిన జడ్జి మొఘద్దస్‌ను టెహ్రాన్‌లో కాల్చి చంపారు. గంజీ దీక్షకు, ఆ హత్యకు ముడిపెట్టి రాసినవాళ్ళున్నారు. ఆ ముడి తప్పు. ఆ హత్యకు దోషులుగా తేలిన ఇద్దరిని 2007 ఆగస్టులో బహిరంగంగా ఉరితీశారు, గంజీ కేసుతో వాళ్ళకు సంబంధం లేదు.

ఎదురుప్రశ్న
జైల్లో రాసిన 'మానిఫెస్టె జొమ్‌హూరీఖాహీ', అంటే గణతంత్రవాద ప్రణాళిక, సంగతి ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో ఆయన రాతల్లో నిలిచేది అదే.

మెహదీపట్నం_పాఠకుడు
అవును. మొదటి భాగం 2002లో ఎవీన్ నుంచి బయటికి వచ్చింది, రెండోది 2005లో. ఎన్నికైన అధ్యక్షుడికి అధికారం లేని చోట ఎన్నికలతో మార్పు రాదు, కాబట్టి ఓటు వేయకపోవడం, శాంతియుతంగా సహాయ నిరాకరణ చేయడం, మతం నుంచి విడివడిన గణతంత్రం కోరడం. సంస్కరణవాద మిత్రులకు కూడా ఇది మింగుడుపడలేదు. 2005లో బహిష్కరణ వల్లే అహ్మదీనెజాద్ గెలిచాడని ఇప్పటికీ ఆయన్ని నిందిస్తారు. నాకు ఆ నింద సరైనదనిపించదు. ఎనిమిదేళ్ళు అధికారంలో ఉండి ఒక్క హంతకుడి పై అధికారిని కూడా బోనెక్కించలేని పక్షానికి జనం ఓటెందుకు వేయాలి?

విడుదలయ్యాక 2006 జూన్‌లో దేశం దాటాడు. మాస్కోలో ప్రపంచ పత్రికల సంఘం గోల్డెన్ పెన్ పురస్కారం అందుకున్నాడు. జూలైలో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ముందు మూడు రోజుల దీక్ష చేశాడు, ఈసారి లోపలున్న వేరేవాళ్ళ కోసం: కార్మిక నాయకుడు మన్సూర్ ఒసాన్లూ, తత్వవేత్త రామిన్ జహాన్‌బెగ్లూ, మాజీ ఎంపీ మూసవీ ఖొయినీ. అమెరికా ప్రభుత్వ డబ్బు వద్దన్నాడు, ఇరాన్ మీద యుద్ధాన్ని మొదటి నుంచీ వ్యతిరేకించాడు. ఆ మాటకు ప్రవాస ప్రతిపక్షంలో ఒక వర్గం ఆయన్ని దూరం పెట్టింది. 2010లో కేటో ఇన్‌స్టిట్యూట్ మిల్టన్ ఫ్రీడ్‌మన్ బహుమతి ఇచ్చింది, ఐదు లక్షల డాలర్లు.

కొత్తపేజీ
చివరి సందేహం. తేదీలు పొసగడం లేదు. ఫొరూహర్ దంపతుల హత్య ఒకచోట '1377 ఆజర్ 1' అని ఉంది. ఏ లెక్కన మార్చుకోవాలి?

పాతసంచికలు
ఇరాన్ సంవత్సరం మార్చి 21 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ రోజు నుంచి డిసెంబరు 31 దాకా 621 కలపండి, జనవరి 1 నుంచి మార్చి 20 దాకా 622. ఆజర్ తొమ్మిదో నెల, దాని మొదటి రోజు నవంబరు 22. కాబట్టి 1377 ఆజర్ 1 అంటే 1998 నవంబరు 22. గూఢచార శాఖ ఒప్పుకోలు ప్రకటన 1377 దెయ్ 15, అది 1999 జనవరి 5. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ దెయ్ నెలలోనే, ఎందుకంటే నెల మధ్యలో మన సంవత్సరం మారుతుంది. హత్యలు, ప్రకటన ఒకే ఇరానీ సంవత్సరంలో ఉన్నాయి కాబట్టి రెండింటినీ 1998లోనే వేసేస్తారు కొందరు.

ఇంకో చిక్కు: వ్యాసం పత్రికలో వచ్చిన తేదీ వేరు, పుస్తకంలో చేరిన తేదీ వేరు. ఏ వ్యాసం ఎమామీ చావుకు ముందు, ఏది తర్వాత అన్నది గంజీ విషయంలో చాలా ముఖ్యం. పత్రిక తేదీనే తీసుకోండి. పేర్లు ఇంగ్లీషు నుంచి కాకుండా ఫార్సీ పలుకుబడి చూసి రాసుకోండి, లేకపోతే ఫల్లాహియాన్ ఒక వ్యాసంలో ఇద్దరుగా కనిపిస్తాడు.

వకీలుసాబ్
సెక్షన్ల నంబర్లు వాడేటప్పుడు 1996 ఐదో భాగం అని తప్పక రాయండి. 2013లో శిక్షాస్మృతి మొదటి నాలుగు భాగాలు కొత్తగా వచ్చాయి, ఐదోది పాతదే కొనసాగింది. అందుకే 500, 505, 514 నంబర్లు ఇప్పటి విలేకరుల చార్జిషీట్లలో కూడా అవే కనిపిస్తాయి.